పేరు రాకముందే వినండి

యూట్యూబులో పాట తెరుస్తాం. పల్లవి ఎత్తుకోకముందే కన్ను కిందికి పోతుంది, ఎన్ని వ్యూస్ ఉన్నాయని. కోటి దాటితే బాగుంటుందని చెవికి ముందే చెప్పేస్తాం. నాలుగు వందలుంటే పది సెకన్లు కూడా ఆగం. సినిమాకు రేటింగు, హోటలుకు స్టార్లు, కాలేజీకి ర్యాంకు, పెళ్ళికొడుక్కి ప్యాకేజీ. ఎవరో వేసిపెట్టిన మార్కులు చూసుకుని మన ఇష్టాయిష్టాలు తేల్చుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, మార్కులు లేనిది ఏదైనా ఎదురుపడితే దిక్కుతోచదు. పక్కవాడి మొహం చూస్తాం.

ఆ అలవాటు వదలడానికి నాకు తెలిసిన మంచి సాధన ఒకటుంది. ఇంకా పేరు రాని రాక్ బ్యాండును, వందమంది కూడా పట్టని చిన్నచోట, ఎదురుగా నిలబడి వినడం.

బాన్సువాడలో కూర్చుని ఇది చదివేవాళ్ళు నవ్వుకుంటారు. "మన దగ్గర బారాత్ డీజే తప్ప ఏముంది సార్?" అంటారు. నిజమే. బాన్సువాడలో రాక్ వాయించే క్లబ్బు లేదు. ఊరికి రైలు కూడా లేదు, హైదరాబాద్ పోవాలంటే నాలుగైదు గంటలు బస్సులో కూర్చోవాలి. అయినా ఈ సాధన ఇక్కడివాళ్ళకే సులువుగా పట్టుబడుతుందని నా నమ్మకం. నిజాంసాగర్ ఆయకట్టులో వడ్లు పండించే రైతును కల్లం దగ్గర చూడండి. గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు, దానికి మీటరు ఉంటుంది. కానీ మీటరు చెప్పకముందే ఆయనకు తెలుసు. పాట దగ్గరికొచ్చేసరికి మనం మీటరు కోసం కాచుకుంటున్నాం, అంతే తేడా.

చిన్నచోటే ఎందుకు? పెద్ద స్టేడియంలో కచేరీకి వెళ్ళేటప్పటికి తీర్పు అయిపోయి ఉంటుంది. అక్కడ మన పని చప్పట్లు కొట్టడం వరకే. చిన్నచోట తీర్పు ఇంకా రాలేదు. ఆ గదిలో ఉన్న నలభై మందే దాన్ని రాయాలి.

లివర్‌పూల్‌లో కేవర్న్ అనే నేలమాళిగ క్లబ్బుంది. ఆఫీసుల్లో పనిచేసే కుర్రవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళ అక్కడికి వచ్చి పాటలు వినేవారు. 1961 నవంబరు 9న దగ్గర్లోనే రికార్డుల దుకాణం నడిపే బ్రయన్ ఎప్‌స్టీన్ మెట్లు దిగి లోపలికి వచ్చాడు. వేదిక మీద తోలు జాకెట్లు వేసుకున్న స్థానిక కుర్రాళ్ళు వాయిస్తున్నారు. ఆయన విన్నాడు, నచ్చారు, కొద్ది వారాల్లో వాళ్ళకు మేనేజరయ్యాడు. ఆ కుర్రాళ్ళే బీటిల్స్. 1962 జనవరి 1న వాళ్ళను డెక్కా రికార్డు కంపెనీ స్టూడియోలో పరీక్షించింది, తర్వాత వద్దంది. డెక్కాలో ఉన్నవాళ్ళు సంగీతం తెలియనివాళ్ళేం కాదు. కాకపోతే ఎప్‌స్టీన్ తేల్చుకున్నది నేలమాళిగలో జనం మధ్య నిలబడి విని, వాళ్ళు తేల్చింది స్టూడియో పరీక్షను బట్టి.

నాకు దీనికన్నా ఇష్టమైన కథ మాంచెస్టర్‌ది. 1976 జూన్ 4న అక్కడి లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ అనే బ్యాండు వాయించింది. అప్పటికి వాళ్ళ రికార్డు ఒక్కటీ రాలేదు. వచ్చినవాళ్ళు నలభై మందో, ఇంకాస్త ఎక్కువో. వాయించడం కూడా అంత గొప్పగా లేదనే విన్నవాళ్ళలో చాలామంది చెప్పారు. కానీ ఆ నలభై మందిలో పీటర్ హుక్ అనే కుర్రాడున్నాడు. మర్నాడే వెళ్ళి బేస్ గిటారు కొనుక్కున్నాడు. పక్కనే బెర్నార్డ్ సమ్నర్ ఉన్నాడు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిందే తర్వాత జాయ్ డివిజన్ అనే బ్యాండు అయింది. 'వీళ్ళే చేయగలిగితే మనమెందుకు చేయలేం' అనిపించడం కూడా విన్నందుకు దక్కే ఫలమే. వేలమంది జనంలో, అర కిలోమీటరు దూరంలో ఉన్న తెర మీద చూస్తే అలా అనిపించదు. అక్కడ మనకు దొరికేది భక్తి.

ఇదంతా పరాయి సంగతి అనుకోనక్కర్లేదు. బాన్సువాడ నుంచి గంటలోపు దూరంలో బోధన్ ఉంది. ఆ పక్కనే అమ్దాపూర్. చిందు యక్షగానానికి ప్రాణం పోసిన చిందు ఎల్లమ్మది ఆ ఊరు. పురుష పాత్రలు కూడా ఆమె కట్టేది. 2005లో కన్నుమూసింది. ఆమె ఆటను మొదట చూసింది రవీంద్రభారతి ప్రేక్షకులు కాదు, ఊరి నడుమ నేల మీద కూర్చున్న జనం. అవార్డులు తర్వాత వచ్చాయి. ఆమె గొప్పదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళే చెప్పారు. మన తాతలకు ఈ విద్య ఉండేది. మన చేతిలోకి ఫోను వచ్చాక పోయింది.

మన బ్యాండ్లు

తెలుగులో సినిమా బయట పాట బతకదని ఒక మాటుంది. చౌరస్తా బ్యాండు కథ దానికి జవాబు. జానపద బాణీని, రెగ్గే నడకను కలిపి, తెలుగు మాటలతో సొంత పాటలు కట్టుకున్న హైదరాబాద్ బృందం అది. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్ మొదట్లో అందులో ముఖ్యులు. 2020లో కరోనా మొదలైనప్పుడు వాళ్ళు చేసిన జాగ్రత్తల పాట ఇంటింటికీ పాకింది. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట రామ్ మిరియాల పాడితే రాష్ట్రమంతా పాడింది. 2022లో డీజే టిల్లు టైటిల్ పాటకు బాణీ, గొంతు రెండూ ఆయనవే. ఆ పాట మోగని బారాత్ మన జిల్లాలో ఉంటే చెప్పండి. చిట్టి పాటకు ముందే చౌరస్తాను ఎదురుగా విన్నవాళ్ళు కొద్దిమందైనా ఉన్నారు. వాళ్ళకు పాటతో పాటు ఇంకోటి కూడా దక్కింది, తమ చెవి మీద తమకు నమ్మకం.

విశాఖపట్నంలో 2014లో మొదలైన అగెన్‌స్ట్ ఈవిల్ అనే బ్యాండుంది. హెవీ మెటల్, ఇంగ్లీషులో పాడతారు. 2018లో వాళ్ళ తొలి ఆల్బమ్ 'ఆల్ హెయిల్ ద కింగ్' వచ్చింది. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ ఉంది, డెత్ మెటల్. వాళ్ళ ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' 2021లో వచ్చింది. డెత్ మెటల్ మొదటిసారి వింటే మీకు బహుశా నచ్చదు. గొంతు గురగురమంటుంది, మాట ఒక్కటీ అర్థం కాదు. నచ్చకపోతే తప్పులేదు. ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే చాలు. "అదేం పాట, అరుపులు" అనేది కారణం కాదు. "డ్రమ్స్ ఆగకుండా ఒకే వేగంలో ఉన్నాయి, ఊపిరి తీసుకునే చోటు లేదు" అన్నారంటే మీరు విన్నారన్నమాట.

వెళ్ళడం ఎలా

శనివారం పొద్దున బాన్సువాడ బస్టాండులో జేబీఎస్ బస్సెక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. ఆడపిల్లలకు మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి, అంటే 2023 డిసెంబరు నుంచి, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. జేబీఎస్ పక్కనే పరేడ్ గ్రౌండ్ మెట్రో. అక్కడ రాయదుర్గం వైపు నీలం లైన్ పట్టుకుంటే జూబ్లీహిల్స్ మీదుగా హైటెక్ సిటీ దాకా పోవచ్చు. కచేరీలు జరిగే పబ్బులు, కెఫేలు ఎక్కువగా ఆ వైపే ఉంటాయి. తిరుగు ప్రయాణం మాత్రం ముందే చూసుకోండి. బ్యాండు ఎనిమిదికని రాసి తొమ్మిదిన్నరకు మొదలుపెడుతుంది, ఇది మన దేశపు ఆచారం. పదకొండు దాటాక మెట్రోను నమ్ముకోవద్దు, ఊరికి బస్సునూ నమ్ముకోవద్దు. రాత్రి ఉండే చోటు ఖాయం చేసుకున్నాకే టికెట్ కొనండి. ఇంట్లో చెప్పి వెళ్ళండి. "ఫ్రెండ్ పెళ్ళి" అని అబద్ధమాడి వెళితే పాట మీద కన్నా ఫోను మీదే ధ్యాస ఉంటుంది.

తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. అందుకే చాలా పబ్బులు గుమ్మం దగ్గరే ఆధార్ అడిగి, వయసు తక్కువైతే పంపేస్తాయి. ఇంటర్, డిగ్రీ పిల్లలకు వేరే దారులున్నాయి. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో, జీవీకే వన్ మాల్‌కు ఎదురుగా లోపలికి వెళితే లామకాన్ వస్తుంది. 2010 నుంచి నడుస్తోంది. ఒకప్పుడు ఇల్లు, ఇప్పుడు ఆరుబయట మెట్లు, చిన్న వేదిక, చాయ్, సమోసా. నాటకం, చర్చ, పాట, అన్నీ జరుగుతాయి. చాలావాటికి ప్రవేశం ఉచితం, లేదంటే కొద్దిపాటి టికెట్. ఇంకో దారి కాలేజీ ఉత్సవాలు. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీలో 'ఎలాన్', వరంగల్ ఎన్‌ఐటీలో 'స్ప్రింగ్ స్ప్రీ'. పిల్లల బ్యాండ్లు పోటీపడేది ఇలాంటి చోట్లే. పోటీల రోజున వెళ్ళండి. పేరున్న గాయకుణ్ణి పిలిచే చివరి రోజు మీకు అక్కర్లేదు.

వెళ్ళేముందు మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనండి. ఇది నవ్వులాట కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను చెవి రోజుకు 8 గంటలు తట్టుకుంటుంది. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన నిలబడితే 100 దాటడం పెద్ద విషయం కాదు. చెవికి పదును పెట్టుకుందామని వెళ్ళి ఆ చెవినే పోగొట్టుకోకూడదు కదా. మన బారాత్‌ల్లో డీజే బాక్సుల ముందు చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎగిరేవాళ్ళకు కూడా ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుండును.

సొంత పాట మొదలైనప్పుడు

అసలు సాధన ఇక్కడే. చిన్నచోట వాయించే బ్యాండు బతుకు ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. పబ్బువాడికి కావలసింది జనం కూర్చోవడం, ఆర్డర్లు ఇవ్వడం. అందుకే బ్యాండుతో "అందరికీ తెలిసిన పాటలు వాయించండి" అంటాడు. బ్యాండుకు కావలసింది తమ పాట వినిపించడం. ఇద్దరికీ కుదిరే బేరం ఏమిటంటే, నాలుగు తెలిసిన పాటలు, వాటి మధ్య ఒక సొంత పాట. ఆ సొంత పాట కోసమే వాళ్ళు నెలల తరబడి ఇరుకు గదిలో సాధన చేశారు.

గాయకుడు మైకు సర్దుకుని, గొంతు కొంచెం తగ్గించి, "నెక్స్ట్ సాంగ్ మాది" అంటాడు. గమనించండి, ఆ మాట అనేటప్పుడు జనం వైపు చూడడు. గిటారు మీద ట్యూనింగ్ సరిచేస్తున్నట్టు తల వంచుకుంటాడు. సరిగ్గా అప్పుడే సగం మంది కుర్చీలు జరుపుతారు. ఒకరు బాత్రూముకు, ఒకరు ఫోనుకు, నలుగురు సెల్ఫీకి. ఇందాక పాత సినిమా పాటకు గొంతు చించుకున్న టేబులే ఇప్పుడు బిర్యానీ గురించి మాట్లాడుకుంటుంది. డ్రమ్మరు నాలుగు కొట్టి మొదలుపెడతాడు.

మీరు కదలకండి. ఆ నాలుగు నిమిషాలు పూర్తిగా వాళ్ళకివ్వండి. ఫోను జేబులోనే ఉండనివ్వండి, రికార్డు చేయొద్దు. తర్వాత చూసుకోవచ్చన్న ధీమా వచ్చిందంటే చెవి మూసుకుపోతుంది. మొదట బేస్ గిటారును వెతికి పట్టుకోండి. అదెప్పుడూ వెనకే ఉంటుంది, కష్టంగా దొరుకుతుంది. దాని మీద చెవి నిలిచాక డ్రమ్మరు కుడికాలు కొట్టే పెద్ద డ్రమ్ము వినండి. ఆ రెండూ కలిసి నడుస్తున్నాయా, ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయా? రిహార్సల్ చేసిన బ్యాండు ఏదో, పాటలు తెలిసిన నలుగురు కలిసింది ఏదో అక్కడే బయటపడుతుంది. గిటారు సోలో ఎంత వేగంగా ఉందన్నది చూడకండి. వేగానికి చప్పట్లు ఎప్పుడూ వస్తాయి. చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చే మలుపు ఎలా కట్టారో చూడండి.

ఎక్కడ నిలబడాలన్నది కూడా ముఖ్యమే. మొదటి వరసలో ఆవేశం దొరుకుతుంది, పాట దొరకదు. సౌండ్ ఇంజనీరు మిక్సర్ ముందు కూర్చునే చోటు చూసుకోండి. ఆయన తన చెవికి సరిపడేలా గదినంతా సర్దుతాడు కాబట్టి అక్కడే పాట సమంగా వినిపిస్తుంది. ఆయనను మాత్రం మాటల్లోకి దింపకండి, పని పాడవుతుంది.

అయిపోయాక బ్యాండువాళ్ళు తమ వైర్లు తామే చుట్టుకుంటారు. చిన్నచోట ఉన్న గొప్ప సౌకర్యం అదే, వెళ్ళి మాట్లాడొచ్చు. "సూపర్ అన్నా" అంటే నవ్వి థ్యాంక్స్ చెబుతారు, అక్కడితో సరి. ఇలా అని చూడండి:

"అన్నా, మూడోది మీ పాటనే కదా? చివర్ల డ్రమ్స్ ఆపేసి ఒక్క బేస్ మీదనే నడిపించిన్రు. అక్కడ మస్తుగనిపించింది."

"అవునన్నా, మాదే! అది ఉంచుదామా తీసేద్దామా అని మాలో మాకే పంచాయితీ. ఎక్కడి నుంచి వచ్చిన్రు?"

"బాన్సువాడ."

మీరన్న ఒక్క మాటతో ఆ పంచాయితీ తేలిపోవచ్చు. పేరొచ్చిన గాయకుడి పాట మీద మీ అభిప్రాయం లక్ష కామెంట్లలో ఒకటి. ఇక్కడ అది పాటలోకే వెళుతుంది. నచ్చనిది కూడా చెప్పొచ్చు, అడిగితే. అడగకుండా సలహా ఇవ్వకండి. "తెలుగులో పాడండి", "ఇంకొంచెం మెలొడీ ఉంటే" లాంటివి వాళ్ళు ఇంట్లో రోజూ వింటూనే ఉంటారు.

ఆ రాత్రి బ్యాండు పేరు వెతక్కండి. వ్యూస్ చూడకండి. తెల్లారి బస్సులో నోటుబుక్కు తీసి నాలుగు వాక్యాలు రాయండి. ఏ పాట గుర్తుంది, అందులో ఏ చోటు, ఎక్కడ విసుగొచ్చింది, మళ్ళీ డబ్బు పెట్టి వింటానా. రాసి సంతకం చేసి తేదీ వేయండి. ఆ తర్వాతే ఫోను. మీ తీర్పు, లోకం తీర్పు ఒకటి కాకపోతే కంగారుపడి కొట్టేయకండి, రెండూ ఉండనివ్వండి. మీరు మెచ్చుకున్న బ్యాండ్లలో చాలావాటికి పేరు రాదు. ఉద్యోగాలొస్తాయి, పెళ్ళిళ్ళవుతాయి, డ్రమ్మరు కెనడా వెళతాడు. అందువల్ల మీరు విన్న పాట చెడ్డదైపోదు. ఈ సాధనలో లక్ష్యం రేపటి స్టార్‌ను ముందే పసిగట్టడం కాదు. అది పందెం. ఎవరూ చెప్పకుండా "ఇది నాకు నచ్చింది, ఇందుకు నచ్చింది" అనగలగడమే లక్ష్యం. అలా పాట దగ్గర అనగలిగినవాళ్ళు కోర్సు ఎంచుకునేటప్పుడూ, స్నేహితుణ్ణి ఎంచుకునేటప్పుడూ పక్కవాడి మొహం చూడటం తగ్గిస్తారు. ఒక్కసారికి వచ్చేది కాదు, ఏడాదైనా పడుతుంది.

ఊళ్ళోనే పెడితే?

బాన్సువాడలోనే ఒక సాయంత్రం ఎందుకు పెట్టకూడదు? వాయించేవాళ్ళు లేరనకండి. మన చిన్న పట్టణాల్లో డ్రమ్స్, కీబోర్డు, గిటారు వచ్చిన కుర్రవాళ్ళను వెతకాలంటే ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళాలి. క్వైర్‌లో వారం వారం జనం ముందు వాయించిన చేతులవి. గణపతి మండపాల దగ్గర ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ళున్నారు, డప్పు వచ్చినవాళ్ళు ప్రతి వాడలో ఉన్నారు. వీళ్ళెప్పుడూ ఒకచోట కూర్చుని సొంత పాట కట్టలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి.

పెద్ద ఫంక్షన్ హాలు తీసుకోవద్దు. వెయ్యిమంది పట్టే హాల్లో అరవైమంది కూర్చుంటే శోకసభలా ఉంటుంది, అదే అరవైమంది ఒక ట్యూషన్ సెంటర్ గదిలో పండగలా ఉంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసిన హాలుకు కొంత వెసులుబాటు ఉంది, అయినా పోలీస్ స్టేషన్‌లో అనుమతి తీసుకుని, సాయంత్రం 6కు మొదలుపెట్టి 8న్నరకు ముగించండి. పక్కింటివాళ్ళకు ముందురోజే చెప్పండి, వీలైతే వాళ్ళనే పిలవండి. నాట్ల కాలం, కోతల కాలం వదిలి తేదీ పెట్టుకోండి. కరెంటు పోతుంది, ఖాయం. ఆంప్లిఫయర్లు లేకుండా వాయించడానికి రెండు పాటలు సిద్ధంగా ఉంచుకోమని బ్యాండుకు చెప్పండి. ఆ రెండే అందరికీ గుర్తుండిపోవచ్చు.

ప్రవేశం ఉచితం అని మాత్రం పెట్టకండి. యాభై రూపాయలైనా తీసుకోండి. ఉచితమంటే జనం మధ్యలో లేచి వెళతారు, యాభై పెట్టినవాళ్ళు చివరిదాకా కూర్చుంటారు. వచ్చిన డబ్బు లెక్కచూసి అక్కడే, అందరి ముందే, వాయించినవాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళలో ఒకడు మీ బావమరిది అయినా, చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాడు అయినా, "మనోడే కదా, లోపలికి పంపియ్" అని గుమ్మం దగ్గర అడగకండి. టికెట్ కొనుక్కుని వెళ్ళండి.